తీరని అలసట: రొమ్ము క్యాన్సర్ చికిత్సాకాలంలో దేహస్థితి, ఉద్వేగాలు - పాలమూరు మాటల వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందే స్త్రీలు ఎక్కువగా చెప్పుకొనే బాధ అలసట. విశ్రాంతి తీసుకున్నా తీరకపోవడం దీని ముఖ్యలక్షణం. తెలుగులో అలసటను సూచించే పదాలలో ఎక్కువ భాగం అది విశ్రాంతితోనో, ఆహారంతోనో తీరుతుందన్న భావాన్ని తమలో ఇముడ్చుకొని ఉన్నాయి. అందువల్ల రోగి చెప్పే మాటకూ, కుటుంబం చేసే ఉపచారానికీ, వైద్యుని అవగాహనకూ మధ్య పొంతన కుదరడం లేదు. ఈ వ్యాసం ఆ పదాలను, వాటికి వెనుక ఉన్న భావనలను పరిశీలిస్తుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతపు వ్యవహారంలో ఉన్న ‘శాతనైతలేదు’, ‘రంది’, ‘బుగులు’, ‘మనాది’ వంటి మాటలు ఈ స్థితిని ప్రామాణిక పదాలకంటే స్పష్టంగా చెప్పగలవని ప్రతిపాదిస్తుంది. అలసటను, ఉద్వేగాలను ఎదుర్కొనే శాస్త్రీయ మార్గాలను స్థానిక జీవనానికి అన్వయించి వివరిస్తుంది.

కీలకపదాలు: రొమ్ము క్యాన్సర్, అలసట, గ్లాని, సంచారిభావాలు, నడిగడ్డ, తెలంగాణ మాండలికం, మనోవేదన, ఆరోగ్య సమాచారం.

1. ప్రవేశిక:

భారతదేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్‌ది మొదటి స్థానం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది స్త్రీలలో ఈ వ్యాధి కొత్తగా బయటపడింది. శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్, హార్మోన్ చికిత్సల వల్ల ఈ వ్యాధినుంచి బయటపడేవారి సంఖ్య పెరిగింది. దానితోపాటు చికిత్సలో గడపవలసిన కాలమూ పెరిగింది. కీమోథెరపీ, రేడియేషన్ కలిసి నెలల తరబడి సాగుతాయి. హార్మోన్ మాత్రలు 5 నుంచి 10 ఏళ్ల వరకు వాడవలసి రావచ్చు. ఇంత దీర్ఘకాలాన్ని స్త్రీ ఎలా గడుపుతుందన్నది వైద్యానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు.

తెలుగువారి ఊహలో క్యాన్సర్ రూపం వేరుగా ఉంది. ‘ప్రేమాభిషేకం’ (1981), ‘మాతృదేవోభవ’ (1993) వంటి చిత్రాలు ఈ వ్యాధిని వీడ్కోలు కథగా ప్రేక్షకుల మనసులో నిలిపాయి. ఒకదానిలో నాయకుడు తన వ్యాధిని దాచి ప్రియురాలిని దూరం చేసుకుంటాడు. మరొకదానిలో తల్లి తన పిల్లలకు ఆశ్రయం వెతుకుతుంది. రెండింటిలోనూ వ్యాధి ఉంది, త్యాగం ఉంది, మరణం ఉంది. చికిత్స తీసుకుంటూ ఇంట్లో గడిపే మామూలు మంగళవారం మాత్రం లేదు. బిందె ఎత్తలేక గడపలో కూర్చుండిపోయే స్త్రీ ఆ కథలలో కనిపించదు. మరణాన్ని గురించి మనకు మాటలు చాలినన్ని ఉన్నాయి. చికిత్సను గురించి లేవు.

ఈ విషయాన్ని తెలుగు శాఖలు పట్టించుకోవడానికి ఒక బలమైన కారణం ఉంది. గడ్డ పరిమాణాన్ని స్కానింగు చూపుతుంది. రక్తహీనతను పరీక్ష చూపుతుంది. అలసటను, భయాన్ని చూపే యంత్రం లేదు. వాటికి రోగి చెప్పే మాటే ఆధారం. ఆ మాట వినేవారికి సరిగా అందకపోతే బాధ ఉండి కూడా లేనట్టే అవుతుంది. కాబట్టి ఇది భాషకు సంబంధించిన సమస్య కూడా.

2. అలసటను చెప్పే పదాలు - వాటిలోని చికిత్స:

తెలుగులో అలసటకు పదాల కొరత లేదు. అలసట, బడలిక, సేద, శ్రమ, నీరసం, నిస్సత్తువ, నిస్త్రాణ, సుస్తీ వంటివి వాడుకలోనో, గ్రంథాలలోనో ఉన్నాయి. ఈ పదాలు ఏ క్రియలతో కలుస్తాయో గమనిస్తే ఒక విశేషం బయటపడుతుంది. బడలిక తీరుతుంది, అలసట తీరుతుంది, సేద తీరుతుంది. ఇదే ‘తీరు’ అనే క్రియ అప్పుకూ, ఆకలికీ, దాహానికీ వర్తిస్తుంది. అంటే మన భాష అలసటను ఒక బాకీగా భావించింది. పనివల్ల ఏర్పడిన ఆ బాకీ విశ్రాంతి అనే చెల్లింపుతో తీరిపోతుంది. నాట్లు వేసి వచ్చిన కూలీకి, బండి తోలి వచ్చిన రైతుకు ఈ భావన సరిపోతుంది.

రెండో రకం పదాలు లోపాన్ని సూచిస్తాయి. నీరసం అంటే రసం లేకపోవడం. నిస్సత్తువ అంటే సత్తువ లేకపోవడం. లేనిదాన్ని నింపితే సరిపోతుందన్న సూచన వీటిలో ఉంది. అందుకే నీరసమన్న మాట వినగానే గ్లూకోజు ఎక్కించడం, ‘బలానికి సూది’ వేయించడం, బలం గోళీలు కొనడం మన పల్లెలలో సాధారణ ఉపచారాలయ్యాయి. పదమే చికిత్సను నిర్ణయిస్తోంది.

చికిత్సాకాలపు అలసట ఈ రెండు వర్గాలకూ లొంగదు. రాత్రంతా పడుకున్నా ఉదయం అది అలాగే ఉంటుంది. చేసిన పనికీ, కలిగిన అలసటకూ నిష్పత్తి ఉండదు. తల దువ్వుకోవడమే ఒక పూట పని అవుతుంది. అప్పుడు చుట్టూ ఉన్నవారికి రెండు నిర్ధారణలే మిగులుతాయి. ‘ఇంత పడుకున్నా తీరలేదంటే రోగం ముదిరింది’ అన్నది ఒకటి. ‘పడుకొని పడుకొని ఒళ్లు బద్ధకించింది’ అన్నది మరొకటి. మొదటిది రోగిని భయపెడుతుంది, రెండోది అవమానిస్తుంది. రెండూ పొరపాటే.

పాలమూరు స్త్రీ నోట, తెలంగాణలోని అనేక ప్రాంతాలలోనూ వినిపించే ‘శాతనైతలేదు’ అనే మాట ఇక్కడ గమనార్హం. ‘చేతనవుతలేదు’ దీని మూలరూపం. ఆరోగ్యం బాగులేదన్న సాధారణార్థంలోనే ఇది వాడుకలో ఉంది. పద నిర్మాణాన్ని పట్టి చూస్తే ఇది ఒక లోపాన్నో, ఒక బాకీనో చెప్పడం లేదు. చేయగలిగిన స్థితి పోయిందని మాత్రమే చెబుతోంది. వైద్యులు అలసటను అంచనా వేసేటప్పుడు అడిగే మొదటి ప్రశ్నలలో ఒకటి ఇదే: ఏ పనులు చేయగలుగుతున్నారు, ఏవి చేయలేకపోతున్నారు? ‘ఏం శాతనైతలేదమ్మా?’ అని వైద్యుడు తిరిగి అడిగితే ఆ స్త్రీ నీళ్లు తోడడం, రొట్టెలు కొట్టడం, మెట్లెక్కడం అంటూ వరుసగా చెబుతుంది. ‘నీరసంగా ఉందా?’ అని అడిగితే ‘ఉంది సారూ’ అని ఊరుకుంటుంది.

3. శ్రమ, గ్లాని, క్లమం:

పనివల్ల కలిగే అలసటను, వ్యాధివల్ల కలిగే అలసటను వేరుగా చూడడం మన శాస్త్రసంప్రదాయానికి కొత్త కాదు. భరతుని నాట్యశాస్త్రం 33 సంచారిభావాలలో శ్రమను, గ్లానిని వేర్వేరుగా లెక్కించింది. మార్గాయాసం, వ్యాయామం వంటివి శ్రమకు కారణాలు. గ్లానికి చెప్పిన కారణాలలో వాంతి, విరేచనం, వ్యాధి, ఉపవాసం, మనస్తాపం, నిద్రాభంగం ఉన్నాయి. కీమోథెరపీ తీసుకునే స్త్రీ అనుభవంలో ఇవన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. సుశ్రుతసంహిత శారీరస్థానం శ్రమపడకుండానే, రొప్పు లేకుండానే దేహంలో పెరిగే అలసటను ‘క్లమం’ అని నిర్వచించింది. అది ఇంద్రియాలు తమ విషయాలను గ్రహించడానికి అడ్డుపడుతుందని కూడా చెప్పింది. చికిత్సాకాలంలో మతిమరుపు, మాట వెతుక్కోవడం, లెక్క తప్పడం వంటి ఇబ్బందులు చాలామందికి కలుగుతాయన్న నేటి పరిశీలన పక్కన దీన్ని ఉంచి చూడవచ్చు.

దీనివల్ల ప్రాచీనులకు క్యాన్సర్ అలసట తెలుసునని నిరూపణ కాదు. నాట్యశాస్త్రం ప్రయోజనం అభినయం. సుశ్రుతుని దేహవిజ్ఞానం వేరు చట్రానికి చెందింది. పని చేయకుండా కలిగే అలసట ఒకటుంటుందని, దానికి వేరే పేరు కావాలని మన పూర్వులు గుర్తించారన్నంత వరకే ఇక్కడి వాదన. ఆ తేడా శాస్త్రభాషలో నిలిచింది. నేటి వాడుకలో చెరిగిపోయింది. చెరిగిన ఆ గీతను మళ్లీ గీయడమే రోగికీ, కుటుంబానికీ చేయవలసిన మొదటి సహాయం.

4. వైద్యశాస్త్ర వివరణ:

క్యాన్సర్ సంబంధమైన అలసటను వైద్యశాస్త్రం దేహానికీ, మనసుకూ, ఆలోచనకూ చెందిన నిరంతర బడలికగా గుర్తిస్తుంది. చేసిన పనికి మించి ఉండడం, నిత్యజీవితానికి ఆటంకం కలిగించడం దీని గుర్తులు. దీనికి ఒకే కారణం లేదు. చికిత్సవల్ల దేహంలో తలెత్తే వాపు ప్రక్రియ, రక్తహీనత, నొప్పి, నిద్రలేమి, తిండి సహించకపోవడం, థైరాయిడ్ లోపం, అర్ధంతరంగా రుతుక్రమం ఆగిపోవడం, కుంగుబాటు, కదలిక తగ్గడం వంటివి కలిసి పనిచేస్తాయి. వీటిలో రక్తహీనత మన ప్రాంతంలో ప్రత్యేకంగా గమనించదగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఎందరో స్త్రీలు చికిత్స మొదలుకాకముందే తక్కువ రక్తంతో ఆసుపత్రి మెట్లెక్కుతున్నారు.

చికిత్సను బట్టి అలసట నడక మారుతుంది. కీమోథెరపీలో మందు ఎక్కించిన తరువాతి కొద్దిరోజులలో ఇది ఎక్కువగా ఉండి, తరువాతి విడత సమీపించేసరికి కొంత తగ్గుతుంది. 21 రోజుల చక్రమైతే మొదటి వారం కంటే మూడో వారం సాధారణంగా మెరుగ్గా ఉంటుంది. రేడియేషన్‌లో అలా కాదు. మొదట్లో ఏమీ తెలియదు. వారాలు గడిచేకొద్దీ పేరుకొని, చికిత్స ముగింపు దగ్గర ఎక్కువై, ఆ తరువాత మెల్లగా తగ్గుతుంది. హార్మోన్ మాత్రల కాలంలో కీళ్లనొప్పులు, ఒంట్లో ఆవిర్లు, నిద్రాభంగం దీనికి తోడవుతాయి. ఈ నడక ముందే తెలిస్తే రోగి తన రోజులను లెక్కించుకోగలదు. రేడియేషన్ చివరి వారంలో ఎక్కువైన అలసటను చూసి వ్యాధి తిరగబెట్టిందని బెంబేలెత్తే అవసరం ఉండదు.

5. నడిగడ్డ స్త్రీ - దూరం, పని:

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్నందున గద్వాల ప్రాంతానికి నడిగడ్డ అని పేరు. 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి వేరుపడ్డాయి. గద్వాలలో మాట్లాడే తెలుగులో తెలంగాణ నుడితోపాటు రాయలసీమ, కన్నడ ఛాయలు వినిపిస్తాయి. ఇక్కడి స్త్రీ క్యాన్సర్ చికిత్సకై సుమారు 190 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకో, తుంగభద్ర దాటి కర్నూలుకో వెళ్లవలసి వస్తుంది. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి పేదలకు ప్రధానాశ్రయంగా ఉంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం ప్రయోగాత్మకంగా మొదలైన 3 జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పథకం పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. అదే రోజు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణమూ మొదలైంది.

చికిత్స ఖర్చు, బస్సు చార్జీ కొంతవరకు తీరినా ప్రయాణపు అలసటకు ఏ పథకమూ లేదు. కీమోథెరపీ ఎక్కించుకొని అదే రోజు బస్సులో నాలుగైదు గంటలు కూర్చుని రావడం ఒక భారం. రేడియేషన్ వారానికి 5 రోజుల చొప్పున 3 నుంచి 5 వారాలు సాగుతుంది కాబట్టి నగరంలోనే ఉండిపోవలసి రావడం మరో భారం. ఇల్లు, పిల్లలు, పశువులు అక్కడ, తాను ఇక్కడ. ఈ ఎడబాటును అలసటనుంచి విడదీసి చూడలేము.

ఇంటికి వచ్చాక పని ఎదురుచూస్తుంది. గద్వాల చీరకు నూలు ఒళ్లు, పట్టు అంచు. మగ్గం మీద కూర్చునేది పురుషుడైనా కండెలు చుట్టడం, పోగులు సరిచేయడం వంటి ముందుపనులలో స్త్రీల చేయి ఉంటుంది. ఈ జిల్లా పత్తి విత్తనోత్పత్తికి పేరుపొందింది. ఆ చేలలో సాయంత్రం మొగ్గలలోని కేసరాలను తీసివేయడం, మర్నాడు ఉదయం పుప్పొడి అద్దడం గంటల తరబడి నిలబడి చేసే పని. అందులోనూ స్త్రీల శ్రమే అధికం. ఇంత పనిలో పుట్టి పెరిగిన స్త్రీకి ‘పని చేయలేకపోవడం’ అనేది దేహబాధగా కాక, తన విలువ పోయినట్టుగా తోస్తుంది. కూలి పోవడం వేరు; కూర్చుని తింటున్నానన్న భావన వేరు. రెండోది రాత్రిళ్లు నిద్ర చెడగొడుతుంది. నిద్ర చెడితే అలసట పెరుగుతుంది. ఇలా అలసటా, ఉద్వేగమూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి.

6. ఉద్వేగాలు - పలికేవి, పలకనివి:

6.1 పేరు పెట్టలేని వ్యాధి: ‘రాచపుండు’ అన్న పాత పేరు వినికిడిలో తగ్గింది, ‘క్యాన్సర్’ అన్న పేరు పలకడానికీ జంకుతారు. దానికి ‘రొమ్ము’ అన్న మాట తోడైతే నోరు పెగలదు. ‘ఎదల గడ్డ’ అనో, ‘ఆడోళ్ల జబ్బు’ అనో చుట్టుదారిన చెబుతారు. కూతుళ్ల పెళ్లిళ్లకు అడ్డమవుతుందన్న భయంతో బంధువుల దగ్గర దాచేవారూ ఉన్నారు. రొమ్ము క్యాన్సర్లలో వంశానుగతమైన జన్యుమార్పుల వల్ల వచ్చేవి 5 నుంచి 10 శాతం మాత్రమే. ఈ వ్యాధి అంటుకోదు. పళ్లెం, గ్లాసు వేరుచేయవలసిన అవసరం లేదు. అలసిపోయిన దేహంతో, దాచుకోవలసిన రహస్యంతో ఒకేసారి జీవించడం రెట్టింపు బరువు.

6.2 జుట్టు: తెలుగు సమాజంలో తల గొరగడానికి రెండు విరుద్ధమైన అర్థాలున్నాయి. మొక్కు చెల్లించి తలనీలాలు సమర్పించడం శుభం. ఒకప్పుడు కొన్ని కులాలలో వితంతువుకు బలవంతంగా చేసిన శిరోముండనం అశుభం. కీమోథెరపీలో జుట్టు రాలినప్పుడు స్త్రీ మనసులో ఈ రెండో స్మృతి కదలవచ్చు; భర్త బతికి ఉండగా బోడితల ఏమిటన్న మాట చుట్టుపక్కలనుంచి వినిపించవచ్చు. కొందరు జుట్టు రాలకముందే మొక్కుగా సమర్పిస్తారు. తన చేతిలో లేని నష్టాన్ని తన ఇష్టపూర్వకమైన సమర్పణగా మార్చుకోవడం ఇందులోని మర్మం. దీన్ని మూఢత్వమని కొట్టిపారేయడం కంటే, సంస్కృతి ఇచ్చిన ఒక ఊతంగా అర్థం చేసుకోవడం మేలు.

6.3 ధైర్యం అనే ఆజ్ఞ: రోగిని చూడవచ్చినవారు చెప్పే మాట ‘ధైర్యంగా ఉండు’. సదుద్దేశంతోనే అంటారు. విన్నవారికి అది ‘నా ముందు ఏడవకు’ అని వినిపించవచ్చు. ధైర్యం ఉంటేనే రోగం తగ్గుతుందన్న నమ్మకం ఇంకా బరువైనది. భయపడినందువల్లో, ఏడ్చినందువల్లో చికిత్స విఫలమవుతుందనడానికి గట్టి ఆధారం లేదు. అమెరికన్ రచయిత్రి సుసాన్ సాంటాగ్ తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చిన తరువాత 1978లో వెలువరించిన ‘ఇల్‌నెస్ యాజ్ మెటఫర్’ గ్రంథంలో, వ్యాధిచుట్టూ అల్లిన రూపకాలు రోగిని ఎలా బాధిస్తాయో విశ్లేషించారు. యుద్ధరూపకం వాటిలో ఒకటి. తెలుగులోనూ ‘క్యాన్సర్‌పై పోరాటం’, ‘మహమ్మారిని జయించిన వనిత’ వంటి శీర్షికలు సర్వసాధారణం. ఆ రూపకంలో అలసిపోవడమంటే ఓడిపోవడమే. అలసట వ్యాధి, చికిత్సల ఫలితం. అది యోధురాలి వైఫల్యం కాదు.

6.4 రంది, బుగులు, మనాది: తెలంగాణ వ్యవహారంలో మనోవేదనకు సూక్ష్మభేదాలున్న మాటలున్నాయి. రాబోయేదాన్ని తలచుకొని కలిగే గుబులు బుగులు. విడవకుండా వెంటాడే చింత రంది. లోలోపల కుమిలి దేహాన్ని కూడా క్షీణింపజేసే దుఃఖం మనాది. ఇది ‘మనోవ్యాధి’కి వికృతి. స్కానింగు ఫలితం వచ్చేదాకా కలిగేది బుగులు. అప్పు, పిల్లల చదువు గురించి కలిగేది రంది. నెలల తరబడి ఎవరితోనూ చెప్పుకోక ముడుచుకుపోవడం మనాది. ‘డిప్రెషన్ ఉందా?’ అన్న ప్రశ్నకు తల అడ్డంగా ఊపే స్త్రీ ‘ఏమన్న రంది పెట్టుకున్నవా అమ్మా?’ అంటే జవాబివ్వవచ్చు. ‘పానం’ అన్న మాట కూడా ఇటువంటిదే. ‘పానం మంచిగ లేదు’ అనడంలో దేహం, మనసు వేరుపడవు. చికిత్సాకాలపు అనుభవం నిజంగా అలాంటిదే.

మాట మార్చడం వల్ల మేలు జరుగుతుందనడానికి క్యాన్సర్ వైద్యచరిత్రలోనే ఉదాహరణ ఉంది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో 1977నుంచి మానసిక వైద్యసేవలను నిర్మించిన జిమ్మీ హాలండ్, ఆమె సహచరులు 1990ల చివర రోగుల మనోవేదనను కొలవడానికి మార్గదర్శకాలు రూపొందించారు. ‘మానసిక రోగం’ అంటే రోగులు సిగ్గుపడతారని గ్రహించి, ‘వ్యథ’ అన్న అర్థమిచ్చే మామూలు మాట ‘డిస్ట్రెస్’ను ఎంచుకున్నారు. జ్వరమాపకం బొమ్మమీద 0 నుంచి 10 వరకు గీతలు గీసి, గడిచిన వారపు వ్యథ ఎంతో గుర్తు పెట్టమంటారు. 4 గాని, అంతకుమించి గాని ఉంటే మరింత వివరంగా అడిగి తెలుసుకోవాలన్నది నియమం. నడిగడ్డలో ఆ బొమ్మకింద ‘రంది’ అని రాయడానికి అభ్యంతరమేముంటుంది?

7. ఎదుర్కొనే మార్గాలు:

7.1 గుర్తించడం: వారం రోజులపాటు ఏ పూట ఎంత శక్తి ఉందో 0 నుంచి 10 వరకు అంకెలలో రాసుకోవడం మొదటి మెట్టు. రాయడం రానివారికి పిల్లలు గోడ క్యాలెండరుమీద గుర్తు పెట్టవచ్చు. కీమోథెరపీ రెండు విడతలు గడిచేసరికి మంచిరోజులు ఏవో, కష్టదినాలు ఏవో తెలిసిపోతాయి. వైద్యునికి చూపడానికి కూడా అది సాక్ష్యమవుతుంది.

7.2 పనిని పంచడం, ఎంచడం: చేయవలసిన పనులను మూడుగా విడదీయవచ్చు: తానే చేయవలసినవి, ఇతరులు చేయగలిగినవి, కొన్నాళ్లు మానినా ఫరవాలేనివి. నీళ్లు మోయడం, బట్టలు పిండడం రెండో కోవలోకి రావాలి. చంకలోని లసిక గ్రంథులు తీసినవారు ఆ వైపు చేతికి కొత్త బరువులు ఎత్తేముందు వైద్యుని సలహా తీసుకోవాలి. అన్ని పనులూ లాక్కోవడం కూడా మంచిది కాదు. కూర్చుని కూరగాయలు తరగడం, ఓపిక ఉన్నంతసేపు కండెలు చుట్టడం ఆమెకు తన స్థానం తనకుందన్న భరోసానిస్తాయి. పగటినిద్ర అరగంట, గంట మించకుండా చూసుకుంటే రాత్రినిద్ర నిలుస్తుంది.

7.3 నడక: అలసినవారిని నడవమనడం విడ్డూరంగా తోస్తుంది. అయినా పరిశోధనలు నిలకడగా చెబుతున్నది అదే. 2017లో ‘జామా ఆంకాలజీ’ పత్రికలో వెలువడిన విశ్లేషణ 113 అధ్యయనాలను, 11,525 మంది రోగుల వివరాలను పరిశీలించి, క్యాన్సర్ అలసటను తగ్గించడంలో మందులకంటే వ్యాయామం, మానసిక సహాయం ఎక్కువ ఫలితమిచ్చాయని తేల్చింది. 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం వారానికి 3 సార్లు, అరగంట చొప్పున, 12 వారాలపాటు మధ్యరకం వ్యాయామాన్ని అలసటకు సూచించింది. మొదటి రోజే అరగంట అక్కరలేదు. వాకిలినుంచి వీధి మలుపుదాకా 5 నిమిషాలతో ప్రారంభించి పెంచుకోవచ్చు. ఈ ప్రాంతపు ఎండలకు వేకువో, పొద్దుగూకే వేళో అనుకూలం. ‘పనిలో తిరుగుతూనే ఉన్నాను కదా’ అనే స్త్రీలకు ఒక తేడా చెప్పాలి. ఇంటిపని ఇతరుల అవసరాన్ని బట్టి నడుస్తుంది. ఈ నడక ఆమె దేహం ఓపికను బట్టి నడుస్తుంది. తీవ్రమైన రక్తహీనత, ఎముకలకు వ్యాధి పాకడం, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని అడిగిన తరువాతే మొదలుపెట్టాలి.

7.4 తోడు: వినేవారు ఒకరుండడం మందుతో సమానం. సలహా ఇవ్వక, పోలికలు తేక, ‘ఫలానామె బాగానే ఉంది కదా’ అనక పక్కన కూర్చునేవారు కావాలి. ‘ఏం కావాలి?’ అని అడగడంకంటే ‘రేపు బియ్యం నేనేరిపెడతా’ అనడం ఎక్కువ ఉపకరిస్తుంది. భర్తకూ భయం ఉంటుంది. దాన్ని కోపంగా కాక మాటగా బయటపెట్టే అవకాశం అతనికీ ఉండాలి.

7.5 వైద్యుని చెప్పవలసిన వేళ: సంచారిభావం వచ్చిపోతుంది, స్థాయిభావం నిలిచిపోతుంది. అలంకారశాస్త్రంలోని ఈ భేదాన్ని గుర్తుంచుకోవడానికి ఒక ఉపమానంగా వాడుకోవచ్చు. భయం, కోపం, దైన్యం వచ్చిపోవడం సహజం. దిగులుగాని, దేనిమీదా ఆసక్తి లేకపోవడంగాని 2 వారాలపాటు దాదాపు రోజూ ఉంటే అది చికిత్స అవసరమైన కుంగుబాటు కావచ్చు. బతకాలని లేదన్న మాట వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. ప్రభుత్వపు టెలీ మానస్ సహాయ సంఖ్య 14416కు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. టామాక్సిఫెన్ వాడేవారు ఆ సంగతి మానసిక వైద్యునికి తప్పక చెప్పాలి. కుంగుబాటు మందులలో కొన్ని దాని పనిని తగ్గించగలవు.

అలసట అని సరిపెట్టుకోకూడని లక్షణాలూ ఉన్నాయి. కీమోథెరపీ కాలంలో 100.4 ఫారన్‌హీట్ డిగ్రీలు గాని, అంతకు పైగా గాని జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆయాసం, ఛాతీనొప్పి, కాళ్లవాపు, కళ్లు తిరిగి పడిపోవడం, హఠాత్తుగా లేవలేని స్థితి కూడా అటువంటివే. కొన్ని క్యాన్సర్ మందులు గుండెమీద ప్రభావం చూపుతాయి. ఊళ్లో గ్లూకోజు ఎక్కించుకొని రెండురోజులు చూద్దామనుకోవడం ఇక్కడ ప్రాణాంతకం కావచ్చు. ‘నీరసం’ అన్న పదం చేసే కీడు స్పష్టంగా కనిపించేది ఇక్కడే.

8. తెలుగు శాఖల కర్తవ్యం:

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమయ్యాయి. వాటిలో చదివే విద్యార్థులు, పనిచేసే వైద్యులు అనేక ప్రాంతాలవారు. ‘శాతనైతలేదు’, ‘పానం గుంజుతుంది’, ‘రంది పెట్టుకున్న’ వంటి మాటలు వారిలో కొందరికి కొత్త. మాండలిక పదసేకరణలో మన విశ్వవిద్యాలయాలకు దీర్ఘానుభవం ఉంది. వృత్తిపదకోశాల తీరులోనే వేదనను చెప్పే పదాలకూ కోశం తయారుచేయవచ్చు. ప్రతిపదానికీ అర్థంతోపాటు, ఆ మాట విన్న వైద్యుడు తరువాత అడగవలసిన ప్రశ్నను కూడా చేర్చాలి. ఆసుపత్రులు ఇచ్చే కరపత్రాలలోని అనువాదపు తెలుగును ఈ ప్రాంతపు స్త్రీకి అర్థమయ్యే తెలుగులోకి మార్చడం ఎం.ఏ. స్థాయి ప్రాజెక్టుగా ఇవ్వదగిన పని.

9. ముగింపు:

* చికిత్సాకాలపు అలసట పనివల్ల ఏర్పడి విశ్రాంతితో తీరే శ్రమ కాదు. దాన్ని శ్రమనుంచి వేరుచేసి చూపే పదం, వివరణ రోగికీ, కుటుంబానికీ అవసరం.

* ‘నీరసం’ వంటి పదాలు ఉపచారాన్ని పక్కదారి పట్టిస్తున్నాయి. ‘శాతనైతలేదు’ అన్న మాండలిక ప్రయోగం చేయలేని పనులను చెప్పించగలిగినందున వైద్యసంభాషణకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

* బుగులు, రంది, మనాది అన్న మాటలు మనోవేదనలోని భేదాలను సిగ్గు కలిగించకుండా పలికించగలవు. వ్యథను కొలిచే ప్రశ్నావళులలో వాటికి స్థానం కల్పించాలి.

* మితమైన నడక, పని పంపకం, వినే తోడు, సకాలంలో వైద్యసహాయం అలసటను అదుపులో ఉంచుతాయి. ధైర్యం చెప్పడంకంటే చెప్పింది వినడం ముందుండాలి.

తెలంగాణ మాటలో ఉపశమనానికి ‘నిమ్మళం’ అనే చక్కని పేరుంది. జ్వరం తగ్గినా, మనసు కుదుటపడినా ‘పానం నిమ్మళమైంది’ అంటారు. అలసటను పూర్తిగా పోగొట్టగలమని చికిత్సాకాలంలో ఎవరూ మాట ఇవ్వలేరు. నిమ్మళం మాత్రం సాధ్యమే. ఆ స్త్రీ చెప్పిన మాటను ఆమె చెప్పిన అర్థంలోనే అందుకోగలిగితే అక్కడికి దారి ఏర్పడుతుంది.